సార్వత్రిక విద్య: రేడియో పాఠం నుంచి ఉచిత ఆన్‌లైన్ పాఠం దాకా

వయోజన విద్య అనగానే మనకు రాత్రిబడి, పలక, సంతకం నేర్చుకోవటం గుర్తుకు వస్తాయి. అయితే మరో రకం వయోజనుడు కూడా ఉన్నాడు. అతనికి చదవటం, రాయటం వచ్చు. ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటున్నాడు. బడిలో అందని అర్థశాస్త్రం, భూగర్భశాస్త్రం, మనస్తత్వశాస్త్రం మొదటి మెట్టు నుంచి తెలుసుకోవాలని అతని కోరిక. పట్టా కోసం కాదు, విషయం కోసం. ఇలాంటివారి కోసం పుట్టిన ప్రాథమిక పాఠాల చరిత్రను స్థూలంగా పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

1963లో బ్రిటన్‌లో లేబర్ పార్టీ నాయకుడు హెరాల్డ్ విల్సన్ గ్లాస్గో సభలో ఆకాశవాణి ద్వారా నడిచే విశ్వవిద్యాలయాన్ని ప్రతిపాదించాడు. ఆయన ప్రధాని అయ్యాక ఆ బాధ్యతను మంత్రి జెన్నీ లీ పట్టుదలతో నిర్వహించింది. 1969లో ఓపెన్ యూనివర్సిటీకి రాజశాసనం లభించింది. 1971 జనవరిలో పాఠాలు మొదలయ్యాయి. తొలి ఏడే 20 వేలకు పైగా విద్యార్థులు చేరారు. పూర్వ విద్యార్హత ఏదీ అడగకపోవటం అక్కడి ముఖ్య సూత్రం. అచ్చు పాఠాలు తపాలాలో వెళ్లేవి, బి.బి.సి. రేడియో, టెలివిజన్ వాటికి తోడయ్యేవి.

ఇక్కడ గమనించదగ్గది పాఠం తయారైన పద్ధతి. ఒక్క ఆచార్యుడు రాసి ఇచ్చేది కాదు. విషయ నిపుణులు, సంపాదకులు, ప్రసార నిర్మాతలు ఒక బృందంగా కూర్చుని తయారు చేసేవారు. పాఠం మధ్యలో ప్రశ్నలు, వాటికి జవాబులు, ఎక్కడ ఆగి ఆలోచించాలో సూచనలు ఉండేవి. ఎదుట గురువు లేని ఒంటరి పాఠకుణ్ణి దృష్టిలో పెట్టుకుని రాసిన పాఠం అది.

ఉచిత ఆన్‌లైన్ పాఠాల చరిత్రలో ఈ తేడాకు విలువ ఉంది. అమెరికాలోని ఎం.ఐ.టి. తన పాఠ్యసామగ్రిని అందరికీ ఉచితంగా పెడతామని 2001లో ప్రకటించి, 2002లో 50 కోర్సులతో ప్రారంభించింది. అది గొప్ప నిర్ణయమే. కాని ఆ సామగ్రిలో అధికభాగం తరగతిలో కూర్చున్న విద్యార్థి కోసం తయారైన ఉపన్యాసాల నోట్సు. ఓపెన్ యూనివర్సిటీ 2006 అక్టోబరులో ఓపెన్‌లెర్న్ పేరుతో తన పాఠాలను ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. హ్యూలెట్ ఫౌండేషన్ ఆర్థిక సహాయం చేసింది. కొన్ని గంటల్లో పూర్తయ్యే ప్రవేశ పాఠాలు కళలు, విజ్ఞానశాస్త్రం, ఆరోగ్యం, గణితం మొదలైన అనేక శాఖల్లో వచ్చాయి. ఇవి ఒంటరి పాఠకుని కోసం పుట్టిన సంప్రదాయం నుంచి వచ్చినవి. అదే 2006 డిసెంబరులో బి.బి.సి.లో ఆ విశ్వవిద్యాలయపు రాత్రి ప్రసారాలు ముగిశాయి.

ఈ చరిత్రలో తెలుగువారికి స్వంత అధ్యాయం ఉంది. భారతదేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదు కేంద్రంగా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమే. ప్రథమ ఉపాధ్యక్షుడు ఆచార్య జి. రాంరెడ్డి. ఆయనే 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా తొలి ఉపాధ్యక్షుడయ్యారు. హైదరాబాదు సంస్థకు 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. డిగ్రీ స్థాయి పాఠాలను, ఎవరికి వారు చదువుకోగలిగే రీతిలో, తెలుగులో రాయించటం ఈ సంస్థ చేసిన మేలు. అయితే రాష్ట్ర చట్టంతో ఏర్పడిన సంస్థ కనుక దాని సేవకు రాష్ట్రమే హద్దు అయింది.

ఆ హద్దును ఇంటర్నెట్ చెరిపింది. ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. పథకాన్ని 2003లో మొదలుపెట్టాయి. 2017 జులైలో కేంద్రప్రభుత్వం స్వయం వేదికను ప్రారంభించింది. ఇక్కడ చదువు ఉచితం. ధ్రువపత్రం కావలసినవారు పరీక్ష రుసుము చెల్లిస్తారు. బళ్లారిలో, హోసూరులో, బరంపురంలో, సిరొంచలో, యానాంలో ఉన్నవారికి ఒకే పాఠం ఒకే రోజు అందుతుంది. రాష్ట్రపు హద్దు పోయింది గాని భాష హద్దు మిగిలింది. పాఠాల్లో అత్యధికం ఇంగ్లీషులోనే ఉన్నాయి. కొన్నింటికి తెలుగు అనువాదాలు వచ్చాయిగాని అవి తక్కువ.

చేరటం సులభమైనంత మాత్రాన చదువు సాగదు. 2011లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు కృత్రిమ మేధపై పెట్టిన ఉచిత కోర్సులో సుమారు 1,60,000 మంది చేరారు. పూర్తిచేసినవారు 20 వేల పైచిలుకు. ఇంగ్లీషు బాగా వచ్చినవారికే ఇంత కష్టమైతే, తమిళంలోనో ఒడియాలోనో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడే నడివయసు మనిషి మాటేమిటి? మన ప్రాంతాలన్నీ ఒక్క తీరున లేవు కూడా. యానాంలో తెలుగు చదివేవారు ఉన్నారు. సరిహద్దు జిల్లాల్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు లిపి రానివారు చాలామంది ఉన్నారు. మొదటివారికి అచ్చు పాఠం పనికి వస్తుంది. రెండోవారికి వినే పాఠం కావాలి.

ఇది ఎవరో వచ్చి చేయవలసిన పని అనుకోనక్కరలేదు. 1906లో హైదరాబాదులో పుట్టి తరువాత మద్రాసుకు తరలిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర, శాస్త్ర విషయాలను సామాన్య పాఠకునికి తెలుగులో అందించింది. దాని ప్రాణం వంటి కొమర్రాజు లక్ష్మణరావు నాగపూరులో చదువుకున్నవాడు, మరాఠీలో కూడా రచయిత. ఆ మండలికి అర్థశాస్త్రం రాసిన కట్టమంచి రామలింగారెడ్డి మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యుడిగా పనిచేసినవాడు. ఇతర భాషల నడుమ మసలినవారే ఆ పనికి ముందుకు రావటం విశేషం.

నేడు మనకు వారికి లేని సౌకర్యం ఉంది. ఓపెన్‌లెర్న్ పాఠాల్లో అధికభాగం క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి. మూలకర్తల పేరు చెప్పి, వ్యాపారానికి వాడకుండా, అదే షరతుతో ఇతరులకు ఇస్తే అనువదించుకోవచ్చు. పారిభాషిక పదాలకు, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ప్రచురించిన పదకోశాలు ఉన్నాయి. విద్యార్థులు నలుగురైదుగురు కలిసి, ఒక చిన్న పాఠం ఎంచుకుని, మీ ఊరి తెలుగులో రాసి, గట్టిగా చదివి రికార్డు చేయండి. ముందుగా మీ ఇంట్లో పెద్దవారికి వినిపించండి. వారు ఎక్కడ ఆగి ప్రశ్న అడుగుతారో అక్కడ పాఠాన్ని తిరగరాయాలి.