జెర్రీ పాడని పాట

2011 సెప్టెంబరు 4, ఆదివారం సాయంత్రం. తెల్లారితే అమెరికాలో కార్మిక దినోత్సవం, అందరికీ సెలవు. ఆ సెలవుకు టీవీ పెడితే ఒకే మనిషి కనిపించడం అక్కడి ఇళ్లకు నలభై అయిదేళ్ల అలవాటు. నల్లకోటు, బో టై, చేతిలో మైకు... హాస్యనటుడు జెర్రీ లూయిస్. ఇరవై ఒక్క గంటలకు పైగా సాగే కార్యక్రమంలో పాడి, నవ్వించి, కన్నీళ్లు పెట్టించి, కండరాలు క్షీణించే జబ్బుతో బాధపడే పిల్లల కోసం దేశాన్ని డబ్బు అడిగేవాడు. మర్నాటికి గొంతు బొంగురుపోయేది. టై ఊడి మెడలో వేలాడేది. ఆఖరున ‘యు విల్ నెవర్ వాక్ అలోన్’ పాట పాడి, తడిసిన కళ్లతో సెలవు తీసుకునేవాడు.

ఆ ఆదివారం కార్యక్రమం వేళకే మొదలైంది. జెర్రీ మాత్రం రాలేదు.

చెప్పని కారణం

జెర్రీ 1926లో న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూఆర్క్‌లో పుట్టాడు. 1946లో గాయకుడు డీన్ మార్టిన్‌తో జట్టుకట్టాడు. డీన్ తాపీగా పాడుతుంటే జెర్రీ మధ్యలో దూరి అల్లరి చేసేవాడు. ఆ జంట పదేళ్లపాటు క్లబ్బుల్ని, రేడియోని, సినిమాని ఏలింది. సరిగ్గా అదే కాలంలో, 1950లో, మస్క్యులర్ డిస్ట్రఫీ అసోసియేషన్ పుట్టింది. కండరాల జబ్బుల మీద పరిశోధనలకు, రోగుల సాయానికి పెట్టిన సంస్థ అది. తమ కార్యక్రమాల్లో దాని కోసం ఇద్దరూ విరాళాలు అడిగేవారు. 1956లో జంట విడిపోయింది. ఆ ఏడాదే జెర్రీ ఆ సంస్థకు జాతీయ ఛైర్మన్ అయ్యాడు.

ఇన్ని జబ్బులుండగా దీన్నే ఎందుకు ఎంచుకున్నావని జీవితమంతా అడిగారు. ఆయన జవాబివ్వలేదు.

ఆ జబ్బుల్లో బాగా క్రూరమైనది డుషెన్ రకం. ఎక్కువగా మగపిల్లలకే వస్తుంది. పరుగెత్తాల్సిన వయసులో పిల్లవాడు మాటిమాటికీ పడిపోతుంటాడు. కింద కూర్చుంటే, రెండు చేతులూ తొడల మీద మోపి, తన ఒంటిని తానే పాకి ఎక్కుతున్నట్టు లేస్తాడు. పన్నెండేళ్లు వచ్చేసరికి చాలామందికి చక్రాల కుర్చీ తప్పదు. ఆ తర్వాత గుండె, ఊపిరి అందించే కండరాల వంతు.

బోర్డు మీద ఏడో అంకె

టెలివిజన్, మారథాన్ కలిస్తే టెలిథాన్. 1949లో మిల్టన్ బెర్ల్ అనే హాస్యనటుడు క్యాన్సర్ నిధి కోసం టీవీలో 16 గంటలపాటు విరాళాలు అడగడంతో ఈ ప్రక్రియకు నాంది పడింది. కార్మిక దినోత్సవపు టెలిథాన్‌ను జెర్రీ 1966లో న్యూయార్క్‌లోని ఒకే ఒక్క స్టేషన్‌తో మొదలుపెట్టాడు. విరాళాల మొత్తం చూపే బోర్డుకు ఆరు అంకెలే ఉన్నాయి. అంతకు మించి వస్తాయని ఎవరూ అనుకోలేదు. తీరా మొత్తం పది లక్షల డాలర్లు దాటేసింది. జెర్రీ రంగు తీసుకుని, బోర్డుకు ఎడమ పక్కన తన చేత్తో ‘1’ వేశాడు.

అక్కణ్నుంచి అది దేశమంతా పాకింది. స్టేషన్లు ఒక్కొక్కటే కలిశాయి. 1973లో వేదిక లాస్ వేగస్‌కు మారింది. మొత్తం పెరిగినప్పుడల్లా డప్పులు మోగేవి. టీవీ తెరకు బయట జరిగింది ఇంకా గొప్పది. అగ్నిమాపక సిబ్బంది కూడళ్లలో తమ బూటునే జోలెగా పట్టుకుని, ఆగిన కార్ల దగ్గర చిల్లర అడిగారు. పిల్లలు పెరట్లో చిన్న సంతలు పెట్టి, వచ్చిన డబ్బు పంపారు.

1976 టెలిథాన్‌లో గాయకుడు ఫ్రాంక్ సినాత్రా, జెర్రీకి మాట మాత్రమైనా చెప్పకుండా డీన్ మార్టిన్‌ను వేదిక మీదికి తీసుకొచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఎడమొహం పెడమొహంగా ఉన్న స్నేహితులు కౌగిలించుకున్నారు. తేరుకున్నాక జెర్రీ అడిగిన మాట: ‘పనేమైనా దొరుకుతోందా?’

1966 నుంచి 2009 వరకు ఆ టెలిథాన్లు తెచ్చినది దాదాపు 245 కోట్ల డాలర్లు. ఆ డబ్బు చక్రాల కుర్చీలైంది, ఆస్పత్రుల్లో ప్రత్యేక విభాగాలైంది, పిల్లలకు వేసవి శిబిరాలైంది, ప్రయోగశాలలైంది. 1986లో బోస్టన్‌లో లూయిస్ కున్‌కెల్ బృందం డుషెన్‌కు మూలమైన జన్యువును పట్టుకుంది. మరుసటి ఏడాది, ఆ పిల్లల కండరాల్లో లోపించిన ప్రొటీన్ ఏదో తేలింది. దానికి డిస్ట్రోఫిన్ అని పేరు పెట్టారు. ఆ పరిశోధనకు ఈ సంస్థ నిధులు కూడా ఆసరా.

పిల్లలు పెద్దవాళ్లయ్యాక

ఆ పిల్లల్ని ‘జెర్రీస్ కిడ్స్’ అనేవారు. ఆయన నిజంగా ప్రేమతోనే అలా పిలిచాడు. అయితే వాళ్లలో చాలామంది పెరిగి పెద్దయ్యారు. చదువుకున్నారు, ఉద్యోగాలు వెతుక్కున్నారు. ఇంటర్వ్యూకు వెళ్తే, ఎదుటి మనిషి కళ్లలో టెలిథాన్‌లో చూసిన దీనమైన పిల్లవాడే కనిపించేవాడు. కండరాల జబ్బు ఉన్న న్యాయవాది ఇవాన్ కెంప్ 1981లోనే పత్రికలో ఈ బాధ రాశాడు.

1990 జులైలో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే ‘పెరేడ్’ అనే ఆదివారం అనుబంధంలో జెర్రీ వ్యాసం వచ్చింది. తానే చక్రాల కుర్చీలో ఉన్నట్టు ఊహించుకుంటూ, అప్పుడు తాను సగం మనిషినేనని ఒప్పుకోవాల్సి ఉంటుందన్నట్టు రాశాడు. ఆయన దృష్టిలో అది సానుభూతి. కుర్చీలో కూర్చుని చదివినవాళ్లకు చెంపదెబ్బ. చిన్నప్పుడు విరాళాల పోస్టర్లకు ఫొటోలు దిగిన మైక్ ఎర్విన్ వంటివాళ్లు షికాగోలో ‘జెర్రీస్ ఆర్ఫన్స్’, అంటే జెర్రీ అనాథలు, పేరుతో నిరసనకు దిగారు. వాళ్లు అడిగింది ఒక్కటే: మా బతుకు గురించి మమ్మల్ని చెప్పనివ్వండి. జెర్రీ తగ్గలేదు. 2009లో ఆస్కార్ వేదిక మీద ఆయనకు మానవతా పురస్కారం ఇచ్చినప్పుడూ నిరసనలు వచ్చాయి.

ముగింపు లేని వీడ్కోలు

2011 మే నెలలో సంస్థ ఒక ప్రకటన చేసింది. జెర్రీ వ్యాఖ్యాతగా విరమిస్తాడు, చివరిసారి వచ్చి తన పాట పాడతాడు, ఛైర్మన్‌గా కొనసాగుతాడు. ఆగస్టు 3న ఇంకో ప్రకటన వచ్చింది. ఆయన టెలిథాన్‌కు రాడు, ఇక ఛైర్మన్ కూడా కాదు. కారణం మాత్రం అందులో లేదు. ఆయనకప్పుడు 85 ఏళ్లు. ఆరు గంటలకు కుదించిన ఆ ఏటి కార్యక్రమానికి 6.15 కోట్ల డాలర్లు వచ్చాయి. మరుసటి ఏడు మూడు గంటలు, ఆపైన రెండు గంటలు. 2015లో టెలిథాన్‌నే ఆపేశారు. 2016లో సంస్థ కొత్త రూపు దిద్దుకుంటున్నప్పుడు జెర్రీ ఒక వీడియోలో కనిపించి మద్దతు పలికాడు. ఆ మరుసటి ఏడు, 91 ఏళ్ల వయసులో, లాస్ వేగస్‌లో కన్నుమూశాడు.

ఈ కథలో ఒకరిది తప్పు, ఇంకొకరిది ఒప్పు అని తేల్చబుద్ధి కాదు. ఆ డబ్బు నిజం, ఆయన ప్రేమ నిజం, ఆ పిల్లలకు తగిలిన గాయమూ నిజం. జెర్రీకి జరిగిన అన్యాయం, ఆ పిల్లల ఫిర్యాదు నాకు ఒక్కలాగే కనిపిస్తాయి. ఎవరి బతుకు గురించి నిర్ణయం జరుగుతోందో వాళ్ల మాటకు చోటివ్వలేదు. పిల్లల తరఫున జెర్రీ మాట్లాడాడు. చివరికి జెర్రీ తరఫున ఒక ప్రకటన మాట్లాడింది.

మనకూ టెలిథాన్ తెలుసు. 2014లో హుద్‌హుద్ తుపాను బాధితుల కోసం తెలుగు సినిమావాళ్లు ‘మేము సైతం’ అంటూ ఒక్కటయ్యారు. రేపు మరో విపత్తుకో, మరో జబ్బుకో మళ్లీ వేదిక కడతాం. కట్టాలి కూడా. జెర్రీలాగా గొంతు బొంగురుపోయేదాకా అడిగేవాళ్లు మనకూ కావాలి. ఆ వేదిక మీదికి ఒక పిల్లవాడి చక్రాల కుర్చీని తోసుకొచ్చినప్పుడు మాత్రం ఒక్క పని చేద్దాం. కథ మనం చెప్పకుండా, మైకు ఆ పిల్లవాడి చేతికిద్దాం. వాడు చెప్పడం అయ్యేదాకా ఆగుదాం.