తోలోలింగ్‌పై నేలకొరిగిన తెలుగు సార్జెంట్

1942 ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవులపై బాంబులు కురిపించిన నాడు, తెలుగునేలకు సైతం ఆకాశయుద్ధం దూరదేశపు వార్తగా మిగలలేదు. అప్పటికి భారత వైమానిక దళం పుట్టి పదేళ్లు నిండలేదు. స్వాతంత్ర్యానంతరం ఆ దళం విస్తరించిన కొద్దీ, ఉద్యోగభద్రతనూ సైనిక గౌరవాన్నీ ఒకేచోట ఆశించిన తెలుగు యువకులు అందులో చేరుతూ వచ్చారు. వారిలో అధికారుల కన్నా ఎయిర్‌మన్‌ల శ్రేణిలో ప్రవేశించి, సాంకేతిక నైపుణ్యంతో ఎదిగినవారే అధికులు. సార్జెంట్ పిల్లా వెంకట నారాయణ రవిప్రసాద్ ఆ శ్రేణికి చెందినవారు.

కార్గిల్ ప్రాంతంలో అప్పట్లో శీతాకాలంలో ఖాళీచేసే శిఖరస్థావరాలను పాకిస్తాన్ బలగాలు రహస్యంగా ఆక్రమించాయన్న సంగతి 1999 మే మాసారంభంలో బయటపడింది. ద్రాస్ పట్టణానికీ, శ్రీనగర్-లేహ్ రహదారికీ ఎదురుగా నిలిచిన తోలోలింగ్ వాటిలో అత్యంత ప్రమాదకరమైనది. చాటు లేని ఆ వాలుపై ఎగబాకుతున్న పదాతిదళం పైనుంచి కురిసే తూటాలకు బలవుతూండగా, సైన్యం ఆకాశం నుంచి సాయం కోరింది. దాడికోసమే రూపొందిన మి-25, మి-35 హెలికాప్టర్లు అంత ఎత్తులో పనిచేయలేవు. రవాణాకు ఉద్దేశించిన మి-17 చేరగలదు గాని, శత్రుక్షిపణికి సులువుగా చిక్కుతుంది. వైమానిక దళాధిపతి టిప్నిస్ మొదట సంశయించడానికి కారణం ఇదే. భారత్-పాకిస్తాన్ నియంత్రణరేఖ దాటరాదన్న ప్రభుత్వ నియమం దాడిమార్గాలను మరింత కుదించింది.

మే 26న వైమానిక దళపు ‘సఫేద్ సాగర్’ చర్య ఆరంభమైంది. మరునాడే రెండు విమానాలు పోయాయి. ఇంజను ఆగిపోగా మిగ్-27 నుంచి పారాచ్యూట్‌తో దిగిన ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత బందీ అయ్యారు. ఆయనను వెతుకుతూ తిరిగిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహూజా విమానాన్ని క్షిపణి కూల్చింది. నచికేత జూన్ 3న విడుదలై స్వదేశం చేరారు. ఆయన పట్టుబడిన మర్నాడు అదే రణరంగంలోకి ఎగిరిన మరో తెలుగువాడికి ఆ భాగ్యం దక్కలేదు.

మే 28న నాలుగు మి-17లు తోలోలింగ్‌పై రాకెట్లు ప్రయోగించాయి. రాకెట్ గొట్టాలు హెలికాప్టర్ పక్కలకు బిగించి ఉంటాయి కనుక గురి కుదరాలంటే యంత్రమే లక్ష్యానికి ముఖం పెట్టి సూటిగా సాగాలి. పలుచని గాలిలో బరువైన యంత్రం చురుగ్గా పక్కకు తప్పుకోలేదు. వేడిని వెంటాడే క్షిపణిని దారి మళ్లించేవి హెలికాప్టర్ నుంచి వెదజల్లే మండే ఫ్లేర్లు. ఆ నాలుగింటిలో ఫ్లేర్ల పరికరం లేని ఒకే ఒక్క యంత్రాన్ని స్టింగర్ క్షిపణి కూల్చింది. పైలట్లు స్క్వాడ్రన్ లీడర్ రాజీవ్ పుండీర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ ముహిలన్, వారితోపాటు సార్జెంట్లు రవిప్రసాద్, సాహు మరణించారు.

ఈ నష్టానికి ఒక్కరినే బాధ్యులను చేయడం న్యాయం కాదు. మే 21న నిఘాకు వెళ్లిన కాన్‌బెరా విమానం క్షిపణి దెబ్బతోనే తిరిగివచ్చింది గనుక ప్రమాదం తెలియనిది కాదు. రక్షణపరికరం లేని యంత్రాన్ని అటువంటి చోటికి పంపిన నిర్ణయం విమర్శకు అతీతం కాదు. అయితే కొండవాలుపై సైనికులు ప్రాణాలు కోల్పోతుండగా సాయం నిరాకరించడమూ తేలిక కాదు. శాంతికాలంలో చేయవలసిన సన్నాహం లోపించినప్పుడు, ఆ లోటును యుద్ధకాలంలో తీర్చవలసిన భారం నిర్ణయాధికారం లేనివారిపై పడుతుంది.

ఆ రోజుతో మి-17లను దాడుల నుంచి ఉపసంహరించారు. విమానాలు క్షిపణులకు అందని ఎత్తు నుంచి బాంబులు వేయసాగాయి. మిరాజ్-2000లు రంగంలోకి దిగాయి. జూన్ 24న టైగర్ హిల్‌పై లేజర్ బాంబులు పడ్డాయి. రెండవ రాజపుతానా రైఫిల్స్ జూన్ 13న తోలోలింగ్‌ను స్వాధీనం చేసుకుంది. ఆ దళంలో పోరాడిన హైదరాబాదు వాసి మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న మరో శిఖరంపై అమరుడై మహావీరచక్ర పొందారు. రవిప్రసాద్‌కు మరణానంతరం వాయుసేనా పతకం లభించింది.

కార్గిల్ కథనాలలో సేనాపతుల సంశయాలకూ, పైలట్ల సాహసానికీ, మిరాజ్‌ల విజయానికీ విస్తారమైన చోటుంది; పైలట్ల వెనుక కూర్చుని వారితో సమానమైన ప్రమాదాన్ని అంగీకరించిన సార్జెంట్లకు ఒక్క పంక్తి దక్కడమే అరుదు. కానీ ఆ యుద్ధంలో వైమానిక వ్యూహం మారడానికి మూల్యం చెల్లించినవారిలో వారూ ఉన్నారు. ఆ మార్పును విజయంగా గణించే చరిత్ర దాని మూల్యాన్నీ పేర్లతో సహా నమోదు చేయాలి. తెలుగులో రాసే కార్గిల్ చరిత్రలో రవిప్రసాద్ పేరును పొడి అక్షరాలకు కుదించక నిండుగా రాయడం మన బాధ్యత.