పిల్లి దాహము

మదనపల్లెలో నా తరగతికి పుంగనూరు నుండి వచ్చే విద్యార్థి ఒకడు ఒకనాడు ఇట్లా అడిగినాడు: "మా ముసలి పిల్లి నీళ్లు తెగ త్రాగుతున్నదండి. ఇల్లంతా తడిపేస్తున్నదని మా అవ్వ నీళ్లగిన్నె తీసి దాచింది. మంచిదేనా?"

మదనపల్లె మొదలు కుప్పము దాక నీటి ఎద్దడి ఎరిగిన మెట్టసీమ మనది. అయినను ఆరోగ్యముగా ఉన్న పిల్లి గిన్నెలో నీరు త్రాగడము మనకు అరుదుగానే కనిపిస్తుంది. పెంపుడు పిల్లికి పూర్వీకులు ఎండు నేలలలో తిరిగిన అడవి పిల్లులు. ఎలుక దేహములో నూటికి సుమారు 70 పాళ్లు నీరే కనుక వాటికి వేటయే దాహము తీర్చేది. పిల్లి మూత్రపిండము మనిషి మూత్రపిండము కంటె రెండింతలకు పైగా చిక్కని మూత్రమును తయారుచేసి, నీటిని దేహములోనే నిలుపుకొంటుంది. 1959లో అమెరికాలో వుల్ఫ్, ఆయన సహచరులు చేసిన ప్రయోగములలో పిల్లులు సముద్రపు నీటితో సైతము నీటి కొరతను తీర్చుకొన్నవి. మనకది సాధ్యము కాదు.

మూత్రపిండములు క్రమముగా చెడిపోయినపుడు చాల పిల్లులలో ముందుగా తగ్గేది ఈ శక్తియే. మూత్రము పలుచనవుతుంది, పోయిన నీటిని పూరించుకొనుటకే పిల్లి త్రాగుతుంది. ఎక్కువ త్రాగడము వల్ల రోగము రాలేదు. రోగము వల్లనే దాహము పెరిగినది. అప్పుడు గిన్నె దాచడము ప్రాణాపాయము.

త్రాగినది చాలనపుడు ఏమి చేయాలి? ఇందుకు దారి చూపినది కలరా. కలరా రోగుల రక్తములో నీరు, ఉప్పులు తగ్గిపోతున్నవని ఓషానెస్సీ అనే యువ వైద్యుడు 1831-32లో చూపినాడు. తరువాత మన దేశములో తంతి వ్యవస్థను నెలకొల్పినవాడు ఈయనే. 1832లో స్కాట్లండులోని లీత్ పట్టణములో థామస్ లాటా రోగుల రక్తనాళములలోనికి ఉప్పునీటిని ఎక్కించి కొందరిని బ్రతికించినాడు. 1882-83లో సిడ్నీ రింగర్ కప్ప గుండెపై పరీక్షలు జరిపి, వట్టి ఉప్పు చాలదు, కాల్షియము, పొటాషియము కూడ కావలెనని కనుగొన్నాడు. 1930 తరువాత హార్ట్‌మన్ ఆ ద్రవమునకు లాక్టేటును చేర్చినాడు. నేడు పశువైద్యులు పిల్లికి చర్మము క్రింద ఎక్కించే ద్రవము తరచుగా ఇదే. మోతాదును వైద్యుడే నిర్ణయించాలి. మితిమీరితే ఊపిరితిత్తుల చుట్టు నీరు చేరవచ్చును.

ఆ విద్యార్థికి నేను చెప్పినదింతే: "గిన్నెను తిరిగి పెట్టు. ఒకటి కాదు, రెండు మూడు చోట్ల పెట్టు. తిండిని తడిగా పెట్టు. పిల్లిని పశువైద్యునికి చూపించు. మీ అవ్వకు కారణము చెప్పు."