పరివర్తన, ప్రవర్తన

మతం మారినా మనసు మారినా ఇటాలియన్లకు ఒకటే మాట: కన్వెర్సియోనె. మూలం లాటిన్ 'వెర్తెరె', అంటే తిప్పడం. మన 'వృత్' ధాతువుకు అది దగ్గరి చుట్టం. వృత్తం, ఆవృత్తి, పరివర్తన ఈ వైపు సంతానం.

తెలుగు బైబిల్లో 'మారుమనస్సు' గ్రీకు 'మెతనోయా'కు సరిజోడు. అక్కడ మారేది మనసు. లాటిన్ మాటలో మాత్రం మనిషి మనిషంతా ఇటు తిరగాలి.

6వ శతాబ్దపు సన్యాసి బెనెడిక్ట్ తన మఠ నియమావళిలో, కొత్తగా చేరేవాడు 'కన్వెర్సాతియో'కు ప్రమాణం చేయాలన్నాడు. అంటే బతికే తీరు, నలుగురిలో మసలుకునే పద్ధతి. సంభాషణకు ఇటాలియన్లు వాడే 'కన్వెర్సాజియోనె' దాని వారసురాలే. ఆ ప్రయోగం తర్వాతి లేఖకులకు కొరుకుడు పడలేదు. నడిమి అక్షరాలు మింగేసి 'కన్వెర్సియో' అని దిద్దారు. మన లెక్కలో, ప్రవర్తన ఉండాల్సిన చోట పరివర్తన వచ్చి కూర్చుంది. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు కాబట్టి చాలాకాలం ఎవరికీ అనుమానం రాలేదు!

పరివర్తనకూ ప్రవర్తనకూ ఉన్న ఈ తేడా ఇటాలియన్ కవి డాంటేకు బాగా తెలుసు. ఆయన 'పుర్గతోరియో' (పాపశుద్ధి లోకం) 22వ సర్గలో రోమన్ కవి స్తాతియస్, వర్జిల్ పద్యాలే తనను క్రీస్తు దారిలో పెట్టాయంటాడు. చరిత్రలో దానికి ఆధారం లేదు. కథలో ఆయన భయపడి విశ్వాసాన్ని దాచుకున్నాడు. పరివర్తన ఉంది, ప్రవర్తన లేదు. శిక్షగా అలసుల అంతస్తులో 400 ఏళ్లకు పైగా ప్రదక్షిణలు చేశాడు.

బొకాచియోది చిలిపి బుద్ధి. 'డెకామెరాన్' మొదటి రోజు రెండో కథలో పారిస్ యూదు వర్తకుడు అబ్రహాం రోముకు వెళ్లి మతాధికారుల విలాసాలు కళ్లారా చూస్తాడు. తిరిగొచ్చి బాప్తిస్మం పుచ్చుకుంటాడు. వీళ్లింత చెడగొడుతున్నా పెరుగుతోందంటే ఈ మతానికి దైవబలం ఉండితీరాలట! పెద్దల దుష్ప్రవర్తనే అతని పరివర్తనకు కారణం.

మాంజోని నవల 'ఇ ప్రొమెస్సి స్పోజి' (1827)లో పేరు చెప్పని దుర్మార్గ ప్రభువు ఒకడున్నాడు. కథానాయిక లూచియాను ఎత్తుకురప్పించిన రాత్రి అతనికి కునుకు పట్టదు. తెల్లవారాక కార్డినల్ ఫెదెరిగో ముందు కన్నీరవుతాడు. మరో రచయిత అయితే అక్కడే తెర దించేవాడు. మాంజోని అతణ్ణి ఇంటికి పంపాడు. లూచియాను విడిపించాలి. కిరాయి గూండాలను పోగేసి, కొత్త పద్ధతి నచ్చినవాళ్లు ఉండండి, లేదంటే జీతం తీసుకుని వెళ్లండి అని చెప్పాలి. తర్వాత పరాయి సైన్యం మీదపడినప్పుడు ఆ కోటలోనే ఊళ్లవాళ్లకు ఆశ్రయమివ్వాలి. ఏడవడం ఒక్క ఉదయం పని. మిగతాదంతా కన్వెర్సాతియో.

20వ శతాబ్దపు పరిష్కర్తలు పాత ప్రతులు చూసి బెనెడిక్ట్ మాటను మళ్లీ నిలబెట్టారు. ఏ ప్రతీ తిరగేయకుండానే మాంజోని ఆ దిద్దుబాటు ముందే చేసిపెట్టాడు.