చైనా యాత్రారచన: గ్రంథప్రమాణం, ప్రత్యక్షప్రమాణం

చైనా సాహిత్యంలో యాత్రారచనను ‘యోజీ’ అంటారు. ‘యో’ అంటే సంచారం, ‘జీ’ అంటే నమోదు. 6వ శతాబ్ది ఆరంభం నాటి లక్షణగ్రంథం ‘వెన్‌షిన్ దియావ్‌లోంగ్’లో లియు షియె అనేక ప్రక్రియలను వర్గీకరించినా దీనికి ప్రత్యేకాధ్యాయం కేటాయించలేదు. అందువల్ల ఈ ప్రక్రియ లక్షణాన్ని లక్ష్యాల నుంచే గ్రహించవలసి ఉంటుంది.

646లో పూర్తయిన హ్యూయన్‌త్సాంగ్ పశ్చిమదేశ వృత్తాంతం చక్రవర్తి ఆదేశంతో వెలువడింది. ఆంధ్ర, ధాన్యకటక రాజ్యాలతో సహా ఒక్కొక్క దేశపు విస్తీర్ణం, పంటలు, ఆచారాలు, విహారాలు అందులో దాదాపు ఒకే క్రమంలో వస్తాయి. యాత్రికుని స్వానుభవానికి చోటు స్వల్పం.

805లో రాజకీయ కారణాలవల్ల దక్షిణాన యోంగ్‌జౌకు పంపబడిన లియు జోంగ్‌యువాన్ ఈ పద్ధతిని అనుసరించలేదు. అక్కడ ఆయన రాసిన ఎనిమిది వృత్తాంతాలలో ఒకటి, ఎవరికీ అక్కరలేని చిన్న గుట్టను 400 నాణేలకు కొన్న సంగతి. రాజధాని సమీపంలో ఉంటే ధనికులు పోటీపడి కొనే స్థలమది. దాని నిరాదరణలో రచయిత తన స్థితినే సూచించాడు.

1084లో సు షి మరొక అడుగు వేశాడు. ‘రాతిగంట కొండ’కు ఆ పేరు ఎందుకు వచ్చిందన్న విషయంలో పూర్వగ్రంథాల వివరణ ఆయనకు తృప్తినివ్వలేదు. కుమారునితో కలిసి వెన్నెల రాత్రి పడవపై కొండ అడుగుకు చేరి, రాతి బొరియల్లో నీరు కొట్టుకొనే ధ్వనే కారణమని నిర్ణయించాడు. చూడకుండా, వినకుండా ఊహతో తీర్మానించడం తగదన్నది ఆయన సిద్ధాంతం. ఆయన వివరణను కూడా తరువాతి పరిశీలకులు అక్కడికే వెళ్లి ప్రశ్నించారు.

షు షియాకె (1587-1641) ఈ దృష్టిని దినచర్యా రూపంలో విస్తరించాడు. యాంగ్జీకి మిన్ నదే మూలమన్న ప్రాచీన గ్రంథప్రమాణాన్ని కాదని, జిన్‌షా నదిని ప్రధానధారగా ప్రతిపాదించాడు.

18వ శతాబ్ది రాజగ్రంథాలయ వర్గీకరణలో షు షియాకె దినచర్యలు చరిత్రవిభాగంలోని భూగోళశాఖలో చేరాయి. లియు, సు షిల వృత్తాంతాలు వారి వ్యక్తిగత రచనా సంపుటాలతోపాటు సాహిత్యవిభాగంలో నిలిచాయి. ఒకే ప్రక్రియ ఇలా రెండు శాస్త్రాల మధ్య విభక్తమైంది. హ్యూయన్‌త్సాంగ్‌ను ప్రధానంగా చారిత్రకాధారంగా స్వీకరించిన తెలుగు పరిశోధనకు ఈ విభజన ఆలోచనీయం. ఆ గ్రంథంలో యాత్రికుని మౌనం రాజాదేశానికి అనుగుణమైన రచనాపద్ధతి. దానిని గుర్తించినప్పుడే ధాన్యకటక వర్ణనలో చెప్పినదానితోపాటు చెప్పక విడిచినదీ పరిశీలనకు అందుతుంది.