మా తాత పలక, నా పలక

మా పక్క డప్పుని పలక అంటారు. బళ్ళో అక్షరాలు దిద్దేదాన్నీ పలకే అంటారు. మా ఇంట్లో ఈ రెండూ కలిసి బతకలేదు. ఒకటి లోపలికొస్తే ఇంకోటి అటక మీదికి పోయింది. నేను చెప్పబోయే చరిత్ర ఇంతే.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రం పక్క మాదిగపాళెం. ఇళ్ళెనక బకింగ్‌హాం కాలవ, దాని అవతల ఉప్పు మళ్ళు, ఆ అవతల సముద్రం. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటోణ్ణి నేనే. సర్కారు బళ్ళో సోషల్ చెప్తా. కాకతీయుల్నీ, విజయనగరం రాజుల్నీ తారీకులతో సహా చెప్తా. మా తాత సంగతి చెప్పడానికి మాత్రం ఏ పాఠంలోనూ చోటు దొరకలేదు.

పోయిన క్రిస్మస్‌కి నా దగ్గర చదివిన పిల్లోడొకడు మద్రాసు నుంచి గిటారు కొనుక్కొచ్చాడు. "సార్, లోపల చూడండి" అని గిటారు బొక్కలోకి సెల్లు లైటు వేశాడు. లోపల చీటీ అంటించి ఉంది. చేసినోళ్ళ పేరు, ఊరు. ఇప్పటి గిటారుకి ఈ ఆకారం రావడానికి ముఖ్యుడైన స్పెయిన్ పనివాడు తోరెస్ కూడా 1850ల నుంచి తను చేసిన గిటార్లలో ఇట్లాగే చీటీ అంటించేవాడు. మన ఆసియాలోనే ఫిలిప్పీన్స్ దేశం సెబూ పక్కన మక్తాన్ ద్వీపముంది. అక్కడ కుటుంబాలకు కుటుంబాలే చేత్తో గిటార్లు చెక్కుతాయి. ఆ ద్వీపానికి గిటార్లతోనే పేరు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలా. మా తాత చేసిన పలకల్లో ఏ చీటీ ఉంది?

తాత పలక చెయ్యడం నేను కళ్ళారా చూశాను. ఊళ్ళో వడ్రంగి నాగలి చేసిచ్చేవాడు గానీ పలక చట్రం చెయ్యనన్నాడంట. అందుకని తాతే బాడిసె పట్టుకున్నాడు. వేపమాను ఆరబెట్టి, చెక్కి, మూడు వంపు ముక్కలు తీసేవాడు. మూడూ కలిపితే మూరెడు అడ్డమున్న చట్రం. అతుకుల మీద ఇనపరేకు. తోలు సున్నపునీళ్ళల్లో నానేసి, బొచ్చు గీకి, ఎన్నో నీళ్ళు మార్చి కడిగి, తడి మీదనే సాగదీసి వార్లతో గుంజి కట్టేవాడు. ఆరేకొద్దీ తోలు బిగుస్తుంది. చట్రంలో ఒక ముక్క పలచనైతే ఆ బిగువుకి కోడిగుడ్డు మాదిరి వంకరపోతుంది. మళ్ళీ మొదటి కాణ్ణుంచి పని.

మా పక్క సముద్రపు గాలికి తోలు తేమ పీల్చి వదులవుతుంది. అందుకని కొట్టేముందు తాటాకు మంటేసి కాస్తారు. ఎంత కాయాలో చెవే చెప్పాల. తాత వేలితో తట్టి చూసి, "ఇంకా నిద్ర లేవలేదురా అబ్బయ్యా" అనేవాడు. ఇంకాస్త కాచి మళ్ళీ తట్టి, "ఇప్పుడు లేచింది" అనేవాడు. అప్పుడు కుడిచేతికి సిర్ర, ఎడంచేతికి సిటికెనపుల్ల.

చెక్క గుణం, తోలు గుణం, గాలిలో తేమ, ధ్వని: ఇన్ని తెలిసిన మనిషిని ఊరు ఏమని పిలిచిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశం వాళ్ళు ఒకే పనసమానుని తొలిచి వీణ చేస్తారు. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పనివాళ్ళు మేడలు కట్టారని కాదు, వాళ్ళకి పేరుందంటున్నా. చెక్క దాకా పేరు నిలుస్తుంది. తోలు దగ్గరికొచ్చేసరికి మాయమవుతుంది. మృదంగం చూడండి. అదీ పనసచెక్కే. కానీ దానికి ఆవుతోలు, మేకతోలు, గేదెతోలు కావాల. తంజావూరులో పర్లాందు అనే దళిత క్రైస్తవుడు పాల్ఘాట్ మణి అయ్యర్‌కి మృదంగాలు చేసిచ్చాడు. ఆ నాదం ఎట్లా ఉండాలో ఇద్దరూ కలిసి వెతికారు. మణి అయ్యర్‌కి 1966లో సంగీత కళానిధి బిరుదొచ్చింది. పర్లాందు వంశం గురించీ, ఆ పని చేసే మిగతావాళ్ళ గురించీ టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాసేసరికి 2020 వచ్చింది. దాని ఆవిష్కరణకి ఇచ్చిన హాలుని చెన్నై కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. తోలు వేదికెక్కొచ్చు, తోలు సంగతి ఎక్కకూడదు.

అట్లాగని తప్పంతా పైనోళ్ళ మీదేసి నేను చేతులు కడుక్కోను. పలకని మేమే కింద పెట్టిన చరిత్ర కూడా ఉంది. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరొచ్చారు. 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలులో దిగాడు. అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే, 1904లో గుంటూరులో కలిసింది. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తీసుకుని ఆకలికి మాడే మాదిగలకి కూలి చూపించాడు. మా ఇళ్ళెనక పారేది ఆ కాలవే. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తీస్మం తీసుకున్నారు. బాప్తీస్మం పొందిన మాదిగలు "జాతరకి డప్పు కొట్టం" అన్నారు. ఊరి పెద్దలు పగబట్టారు. అయినా మావాళ్ళు కొట్టలేదు. అది వెట్టికి ఎదురు తిరగడం. నేను దాన్ని తక్కువ చెయ్యను.

కానీ ఇంకో సంగతుంది. బైబిల్లో సముద్రం దాటినాక మిర్యాము ఒక వాయిద్యం పట్టుకుంటుంది. హీబ్రూలో దాన్ని 'తోఫ్' అంటారు. గుండ్రటి చట్రానికి తోలు బిగించిన వాయిద్యం. అంటే మా పలకకి చుట్టమే. తెలుగు బైబిల్లో ఆ చోట 'తంబుర' అని పడింది. తంబుర తీగల వాయిద్యం! చర్చిలో ఆ వాక్యం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. అది మన వాయిద్యమేనని మాకెవరూ చెప్పలా.

మా నాయన పలక కింద పెట్టింది వేరే రోజు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల్ని వెంటాడి చంపారు. ఆ వార్త మా పాళేనికి వచ్చినాక ఊళ్ళో ఒక పెద్ద చావు జరిగింది. పలకకి రమ్మని కబురొచ్చింది. "కూలికి పిలిస్తే వస్తా, పలక్కి రాను" అన్నాడు నాయన. ఊళ్ళో కూలి ఆగిపోయింది. ఉప్పు మళ్ళల్లో పనికి పోయాడు. పలక అటకెక్కింది. నాకు అయిదేళ్ళొచ్చినాక రాతిపలక కొనిచ్చాడు. తాత దాన్ని వేలితో తట్టి చూసి, "దీన్ని కాచే పన్లేదురా" అని నవ్వాడు.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. రమ్మంటే పోయి కొట్టే పలక వేరు, మన మాట మనం చాటుకునే పలక వేరు అని మా పాళేనికి అప్పుడు తెలిసొచ్చింది. నాయనే అటకెక్కి పలక దించాడు. తోలు ఎలకలు కొరికేసినాయి. తాత కొత్త తోలు కట్టాడు. నేను చూసింది ఆ రోజుల్లోనే. నేనూ నేర్చుకుంటానని బాడిసె పట్టుకుంటే నాయన చెంప మీద ఒకటిచ్చాడు. "కొట్టు. చెయ్యొద్దు. నువ్వు చదువుకో" అన్నాడు.

ఆ దెబ్బ తినకపోతే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు. ఆ దెబ్బ తిన్నందుకే చట్రం చెక్కడం నాకు రాదు. రెండూ నిజమే. తాతతోనే మా పాళెంలో ఆ పని పోయింది. ఇప్పుడు బజార్లో ఇనపచట్రానికి ప్లాస్టిక్ బిగించిన డప్పులొచ్చినాయి. వానకి నానవు, కాచే పన్లేదు. కొట్టే పిల్లలకి సుఖమే. వాళ్ళనేమీ అనను.

తాత చట్రం ఇప్పుడు నా ఇంట్లో ఉంది, తోలు లేకుండా. మొన్న దాన్ని బడికి తీసకపోయి మా తొమ్మిదో తరగతి పిల్లలకి చూపించాను. ఆ వేళ పాఠం అదే. గిటారు పిల్లోడి తమ్ముడు చట్రం తిప్పి లోపల వెతికాడు. "చీటీ ఏది సార్?"

ఇంటికొచ్చి పెన్ను తీశాను. ఏ పేరు రాయాల? ఊరు పిలిచిన పేరు చివర 'గాడు' ఉంది. చర్చి పుస్తకంలో బాప్తీస్మం పేరుంది. ఓటర్ల లిస్టులో ఇంకోటి, అదీ తప్పు. నాయన్ని అడిగితే చానాసేపు మాట్లాడలా. తర్వాత, "వాళ్ళమ్మ పిలిచిన పేరు ఒకటుండేది" అని చెప్పాడు. నేను మొదటిసారి విన్నా ఆ పేరు.

అదే రాశాను. కింద మా పాళెం పేరు కూడా.