వాద్యం మీది రంధ్రం: ఒక చారిత్రక ఆధారం

శాసనాలు, నాణేలు, తాళపత్రాలు చరిత్రకు ఆధారాలని వెనుకటి పాఠాలలో చదివారు. నిత్యజీవితంలోని పనిముట్టు కూడా ఆధారమే. దానిని ఎలా చదవాలో ఈ భాగంలో తెలుసుకుందాం.

ఎలమంచిలిలో ఒక పాత గిటార్ మీ చేతికి వచ్చిందనుకోండి. దాని అడుగున వైరు గుచ్చే లోహపు సాకెట్ ఉంది. రంధ్రం అంచున వార్నిష్ లేని పచ్చి చెక్క కనిపిస్తే, ఆ రంధ్రం వార్నిష్ వేసిన తరువాత పెట్టినదని గ్రహించవచ్చు. ఇప్పుడు తీగలు ఆనే సన్నని ఎముక పట్టీని, అంటే శాడిల్‌ను, పైకి తీయండి. దాని కింద సన్నని పికప్ ఉంటుంది. పికప్ మందం మేరకు శాడిల్ అడుగును అరగదీసి ఉంటారు. లేకపోతే తీగల ఎత్తు పెరుగుతుంది. అరగదీత సమంగా లేకపోతే కొన్ని తీగలు గట్టిగా, కొన్ని నీరసంగా పలుకుతాయి. కాబట్టి ఆ అడుగు చదునును బట్టి పనివాడి నేర్పును కూడా అంచనా వేయవచ్చు.

ఈ పరికరం వెనుక శాస్త్ర చరిత్ర ఉంది. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని ఫ్రాన్సులో క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. 1930లలో ఎలక్ట్రిక్ గిటార్‌కు అయస్కాంత పికప్ వచ్చింది. అది ఉక్కు తీగలకే పనిచేస్తుంది. ఒత్తిడిని గ్రహించే పీజో పికప్‌కు ఆ నిబంధన లేదు. 1960ల చివర అమెరికాలో ఓవేషన్ సంస్థ దానిని గిటార్ శాడిల్‌లో అమర్చింది.

ఇదే అవసరం మన వీణకూ కలిగింది. ఎలమంచిలి నుంచి రైలులో విశాఖపట్నం, విజయనగరం దాటి వెళితే బొబ్బిలి వస్తుంది. ఒకే పనస దుంగను తొలిచి వీణ చేయడం అక్కడి సంప్రదాయం. ఆస్థానంలో కొద్దిమంది శ్రోతలకు ఆ నాదం చాలింది. సభామందిరాలు పెరిగాక చాలలేదు. గిటార్ శాడిల్‌కు ఉన్న గాడి వీణకు లేదు. తీగలు చెక్క గుర్రం మీది లోహపు రేకుపై ఆనుతాయి. అందువల్ల చాలామంది వైణికులు గుర్రం పక్కన, కుండ మీది పలకకు కాంటాక్ట్ మైకు అంటించుకున్నారు. చెక్కకు గాయం కాలేదు. మైకు తీసేస్తే చరిత్రకారుడికి జాడ కూడా మిగలదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. గిటార్ మీది రంధ్రం, దానికి వైరు గుచ్చే ఏర్పాటు చేశారని మాత్రమే చెబుతుంది. ఎవరు వాయించారో, ఎందరు విన్నారో చెప్పదు. ఆధారం చెప్పినంతవరకే మనం చెప్పాలి. అలాగే మరమ్మతులో ఆ రంధ్రాన్ని పూడ్చే ముందు ఫోటో తీసి, కొలతలు రాసి ఉంచండి. పూడ్చిన తరువాత వాద్యం అందంగానే ఉంటుంది. సాక్ష్యం మాత్రం పోతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ఇంట్లో, తయారైన తరువాత మార్పు చేసిన ఒక వస్తువును ఎంచుకోండి. ఆ మార్పును బట్టి కచ్చితంగా చెప్పగలిగినవి, ఊహించగలిగినవి వేరువేరుగా రాయండి.